గ్రూప్ ప్రాజెక్టులో మనవాళ్ల మౌనాన్ని ఎలా లెక్కకట్టాలి?

గోదారమ్మాయి:
నమస్తే అండి. డెన్మార్క్‌లో ఆల్‌బోర్గ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 1974లో పెట్టిన నాటి నుంచీ ఇక్కడ ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగే, అంటే ఒక సమస్యను తీసుకుని దాని మీద పనిచేస్తూ నేర్చుకోవడం. సెమిస్టర్‌లో 30 క్రెడిట్లుంటే దాదాపు సగం గ్రూప్ ప్రాజెక్టుకే పోతాయి. ఏ సమస్య మీద పనిచేయాలో కూడా పిల్లలే తేల్చుకోవాలి, సూపర్‌వైజర్ పక్కనుండి చూస్తారంతే. వేర్వేరు దేశాల వాళ్లు కలిసిన మాస్టర్స్ గ్రూపుల్లో ఒకరి నుంచి ఒకరు ఏం నేర్చుకుంటున్నారన్నది నా రీసెర్చ్.

ఒక గ్రూపులో మన తెలుగబ్బాయి ఉన్నాడు. మీటింగ్ అయ్యేదాకా నోట్స్ రాసుకున్నాడే తప్ప నోరు విప్పలేదు. రాత్రికి మాత్రం గ్రూప్ చాట్‌లో, అందరూ సరేననుకున్న లెక్కలో తప్పెక్కడుందో చూపించి, సరిచేసిన ఎక్సెల్ షీట్ పెట్టాడు. మర్నాడు మిగతావాళ్లకి కోపం: "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కేసే నా పట్టికలో అతను అట్టడుగున ఉన్నాడు. అది న్యాయంగా అనిపించడం లేదు. మీరైతే దీన్ని ఎలా నమోదు చేస్తారు?

పాత_బీటెక్:
నేనూ అక్కడే మాస్టర్స్ చేశాను. మన బీటెక్ బ్యాచ్ ప్రాజెక్ట్ సంగతి తెలిసిందే కదండీ. గైడ్ టాపిక్ ఇస్తారు, ఒకరిద్దరు చేస్తారు, మిగతావాళ్లు వైవా ముందు రోజు బట్టీ పడతారు. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనేవాళ్లూ ఉంటారు. అక్కడి నుంచి వచ్చినవాడికి సూపర్‌వైజర్‌ని పేరు పెట్టి పిలవడానికే నోరు రాదు. సగం ఆలోచన పైకి అనేస్తే రానట్టు కనబడతామని భయం. ఇంకో విషయం, ఆల్‌బోర్గ్‌లోనే బ్యాచిలర్స్ చదివినవాళ్లు మొదటి ఏడాదిలోనే ఈ పద్ధతి మీద ఒక కోర్సు చేసి వస్తారు. మనం నేరుగా మాస్టర్స్‌లో దిగుతాం. ఆ తేడాని సంస్కృతి ఖాతాలో వేసేయకండి, దయచేసి.

లింబర్గ్_తెలుగు:
నేను నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్‌లో చదివాను. అక్కడ 'సెవెన్ జంప్' అని ఏడు మెట్ల పద్ధతి: తెలియని మాటలు తేల్చుకోవడంతో మొదలై, ఎవరికి వాళ్లు చదువుకొచ్చి మళ్లీ చర్చించుకోవడంతో ముగుస్తుంది. చర్చ నడిపే బాధ్యత విద్యార్థుల్లోనే వంతులవారీగా తిరుగుతుంది. మామూలు రోజుల్లో మాట్లాడని మనవాళ్లు తమ వంతు వచ్చిన రోజు బ్రహ్మాండంగా నడిపేవాళ్లు. అధికారం చేతికిస్తే మాట దానంతట అదే వస్తుంది. మీ గ్రూపుల్లోనూ అలా వంతులు ఉంటే, ఆ రోజుల్ని విడిగా చూడండి.

గోదారమ్మాయి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ముందటి చదువు ఎక్కడో పట్టికలో వేరే గడిగా పెడతాను. చాట్‌ని కూడా కలపాలనుకుంటున్నాను, దానికి గ్రూపులో ప్రతి ఒక్కరి అనుమతీ తీసుకోవాలి. నాకు ఇంత పట్టింపు ఎందుకంటే ఇక్కడ పరీక్షా గ్రూపుగానే. ప్రభుత్వం కొన్నేళ్లు నిషేధించి 2012లో మళ్లీ అనుమతించింది. అందరూ కలిసే కూర్చుంటారు కానీ ఎవరి మార్కులు వాళ్లవే. ఆ గదిలో చాట్ ఉండదు. అందుకే పరీక్షలోపు చర్చ నడిపే వంతు ప్రతి ఒక్కరికీ రావాలని సూపర్‌వైజర్లను అడగబోతున్నాను. మాస్ట్రిక్ట్‌లో ఆ వంతులు ఎవరు వేసేవాళ్లు, ట్యూటరా, గ్రూపేనా?