పెళ్లి వేయిస్తుంది అనే త్సోంగా సామెత - ఇది ధైర్యం చెప్పడమా, నోరు మూయించడమా?

పీజీ_సోషియాలజీ:
దక్షిణాఫ్రికా లింపోపోలోనూ, మొజాంబిక్‌లోనూ ఉండే త్సోంగా వాళ్ల సామెతల మీద సెమినార్ పేపర్ రాస్తున్నా. వాళ్లకి "వుకాటి బ్యా కాటింగా" అని ఒకటుంది, అంటే పెళ్లి వేయిస్తుంది అని, పెనం మీద గింజల్లాగ. కాపురానికెళ్లే పిల్లకి చెప్పే మాట ఇది. మా గైడ్ ఏమో ఇది ధైర్యం చెప్పడమే కదా, వివక్ష ఎక్కడుంది అంటున్నారు. నాకు మింగుడు పడట్లేదు, ఎలా ఆర్గ్యూ చేయాలి?

మేనత్త_కూతురు:
ధైర్యమే అయితే పెళ్లికొడుక్కీ చెప్పాలి కదండి. దీన్ని లొబోలాతో కలిపి చూడండి. అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి పుట్టింటికి పశువులో డబ్బో ఇస్తారు, పాత రోజుల్లో ఆ పశువుల్నే ఇచ్చి ఆమె అన్నకో తమ్ముడికో పిల్లని తెచ్చుకునేవాళ్లు, ఇప్పుడు ఈమె మొగుడు కొడుతున్నాడని తిరిగొచ్చేస్తే ఆ పశువులు వెనక్కివ్వాలి, అంటే అన్న కాపురానికీ ఎసరే. అందుకే ఆమెని గుమ్మంలోంచే వెనక్కి పంపడానికి ఇంట్లో అందరికీ ఈ సామెత కావాల్సొచ్చేది.

రామ్‌కీ77:
అన్నీ అలాంటివే కాదు. పక్కనున్న సోతో, త్స్వానా వాళ్లు తల్లి కత్తిని పదునువైపు పట్టుకుంటుంది అంటారు, అది పొగడ్తేగా.

మేనత్త_కూతురు:
పొగడ్తే రామ్‌కీ గారు, కానీ అక్కడా చెయ్యి తెగేది ఆమెదే. పైగా అదే సోతో వాళ్లు ఆడదాని సమాధి అత్తింట్లోనే అని కూడా అంటారు.

లా_పాయింట్:
పేపర్‌లో వలోయి కేసు తప్పకుండా పెట్టండి. వలోయి వాళ్లు లింపోపోలోని త్సోంగా తెగే. 1968లో హోసి, అంటే వాళ్ల పెద్ద, ఫొఫోజా చనిపోతే కొడుకుల్లేరు, పెద్ద కూతురు ఉన్నా ఆడపిల్లని పక్కనపెట్టి తమ్ముడికిచ్చారు. 1996లో రాజకుటుంబమే కూర్చుని, కొత్త రాజ్యాంగంలో ఆడా మగా సమానమే కాబట్టి ఆ కూతురు షిలుబానా హోసి కావచ్చని తీర్మానించింది. బాబాయి కొడుకు కోర్టుకెక్కాడు, కింది కోర్టుల్లో గెలిచాడు కూడా, చివరికి 2008లో రాజ్యాంగ కోర్టు ఆచారాన్ని మార్చుకునే హక్కు ఆ జనానికే ఉందని ఆమె పక్షాన తీర్పిచ్చింది. మా సంస్కృతి ఇంతే అనేవాళ్లకి ఇంతకంటే జవాబేముంది, మార్చింది వాళ్లే కదా!

పీజీ_సోషియాలజీ:
థాంక్యూ అండి, లొబోలా పాయింట్, ఈ కేసు రెండూ పెడతా. మన "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" కూడా పక్కన పెట్టి పోల్చొచ్చా?

మేనత్త_కూతురు:
పోల్చండి, కాకపోతే మన సామెత వెనక కన్యాశుల్కమా, కట్నమా, ఏ లెక్క ఉందో కూడా రాయండి, ఊరికే పక్కపక్కన పెడితే సరిపోదు.