రెండంతస్తుల ఇంట్లో నెట్‌వర్క్: ఏది వైరుకు, ఏది వైఫైకి?

మిద్దెగది
ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉంది, వైఫై కూడా దాన్లోంచే వస్తుంది. పైగదిలో రెండు డెస్క్‌టాప్‌లు, కింద టీవీ, ప్రింటర్, ఇవి కాక మూడు ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు. పైగదికి 5 గిగాహెర్ట్జ్ వైఫై అందడం లేదు. 2.4 అందుతుంది గానీ బాగా నెమ్మది. డెస్క్‌టాప్‌ల మధ్య పెద్ద వీడియో ఫైళ్లు పంపుకోవాలి. గోడల్లో 25 మిల్లీమీటర్ల ఖాళీ పైపులున్నాయి. పాత గిగాబిట్ రూటర్ ఒకటి వాడకుండా ఉంది. కేబుల్ ఏది తీసుకోవాలి? పాత రూటర్ పైన పెట్టుకోవచ్చా?

రాగితీగ
కదలని వస్తువుకు వైరు, కదిలేదానికి వైఫై. మిగతా నిర్ణయాలన్నీ దీన్నిబట్టే తీసుకోండి. ఒక వైఫై చానల్లో మామూలుగా ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడుతుంది, మిగతావి తమ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. టీవీ, డెస్క్‌టాప్‌లు వైరు మీదికి వెళ్తే ఆ సమయమంతా ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ మిగులుతుంది. కొత్త ఖరీదైన రూటర్ కొన్నా ఇంత లాభం రాకపోవచ్చు.

కేబుల్ తరగతుల్లో (క్యాట్ అంటే అదే) మీకు క్యాట్6 చాలు. క్యాట్5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. క్యాట్6 అయితే 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ దాకా వెళ్తుంది. క్యాట్6ఏ 100 మీటర్లూ 10 గిగాబిట్ ఇస్తుంది కానీ లావు, పైపు మలుపుల్లో సతాయిస్తుంది. ఇంట్లో లాగే 15, 20 మీటర్లకు దాని అవసరం లేదు.

ఈ అంకెలకన్నా ముందు చూడాల్సింది లోపలి లోహం. పెట్టె మీద సీసీఏ అని ఉంటే అది అల్యూమినియం తీగకు రాగి పూత వేసిన సరుకు. నిరోధం రాగికన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుంది, రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. అనుమానమొస్తే తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండిలా తెల్లగా కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. అచ్చమైన రాగి అని రాసి ఉన్నదే తీసుకోండి.

నెట్‌వల
రాగితీగ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గోడ లోపలికి ఒంటితీగ కేబుల్, గోడ బయట సాకెట్ నుంచి కంప్యూటర్ దాకా పేటల తీగతో చేసిన రెడీమేడ్ ప్యాచ్ కేబుల్. ఒంటితీగ రకాన్ని బల్ల వెనక రోజూ కదిలిస్తే లోపల విరుగుతుంది. పేటల రకాన్ని గోడ సాకెట్‌లో గుచ్చితే పట్టు సరిగ్గా నిలవదు.

లాగేటప్పుడు ఒక్కో చోటికి రెండు కేబుళ్లు లాగండి. అసలు శ్రమంతా లాగడంలోనే ఉంది, రెండో కేబుల్‌కు అదనంగా పడే పని తక్కువ. 25 మిల్లీమీటర్ల పైపులో నాలుగు క్యాట్6 కేబుళ్లు హాయిగా పోతాయి. అంతకుమించి కుక్కితే మలుపు దగ్గర బిగుసుకుంటాయి. లాగే బలం 11 కిలోల బరువు దాటకూడదు. లోపలి ఎనిమిది తీగలు రెండేసి చొప్పున మెలిపెట్టిన నాలుగు జతలుగా ఉంటాయి. బలం దాటితే ఆ జతల మెలిక సాగిపోతుంది, పైకేమీ కనబడదు, వేగం మాత్రం పడిపోతుంది. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే ఆపి, వెనక్కి కాస్త వదిలి, మళ్లీ మెల్లగా లాగండి. కేబుళ్లతోపాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి పైపులోనే ఉంచేయండి, రేపు ఇంకొకటి లాగాల్సి వస్తే అదే ఆధారం. మలుపు వ్యాసార్థం కేబుల్ మందానికి నాలుగింతలు ఉండాలి, అంటే సుమారు 25 మిల్లీమీటర్లు. రెండు చివరలా అర మీటరు చొప్పున అదనంగా వదలండి.

కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయొద్దు. సిగ్నల్ చెడటం తర్వాతి సంగతి. ఎప్పుడైనా అక్కడ ఇన్సులేషన్ దెబ్బతింటే కంప్యూటర్ వెనక పోర్టులోకి కరెంటు వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

గూటిచిలక
చివరల బిగింపులోనే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

గోడ వైపు ప్లగ్గు బిగించకండి, సాకెట్ పెట్టండి. తీగల రంగుల క్రమానికి ఏ (A), బి (B) అని రెండు వరుసలున్నాయి. బి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఏ (A) వరుస కూడా సరైనదే. రెండు చివరలా ఒకే వరుస ఉంటే చాలు. ఇంటి మొత్తానికి బి అనుకుంటే మళ్లీ ఆలోచించే పని ఉండదు.

నీలం జత మధ్యలో, 4, 5 స్థానాల్లో పక్కపక్కన ఉంటుంది. ఆకుపచ్చ జత దాన్ని దాటి 3, 6 స్థానాల్లోకి వెళ్తుంది. ఇది గమనించక జతలన్నిటినీ వరుసగా పక్కపక్కన పెట్టేస్తుంటారు. రెండు వైపులా అదే తప్పు చేస్తే దీపాల టెస్టర్ ఎనిమిదింటికీ పచ్చగానే వెలుగుతుంది, ఎందుకంటే ఒకటి ఒకటికి, ఎనిమిది ఎనిమిదికి చేరుతున్నాయి కదా. కానీ 3, 6 స్థానాల్లో ఉన్నవి వేర్వేరు జతల తీగలు, వాటిమధ్య మెలిక లేదు. పక్క జతల శబ్దమంతా వాటిలోకి వస్తుంది. లింకు పడుతుంది, తెగుతుంది, మళ్లీ పడుతుంది. టెస్టర్ బాగుందంది కదా అని మనం కేబుల్‌ను వదిలేసి రూటర్‌ను మారుస్తూ కూర్చుంటాం.

మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పైతొడుగు సాకెట్ దాకా రావాలి. తొడుగు కోసేటప్పుడు లోపలి తీగ పైనా గాటు పడితే ఆ చివర కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. నెట్‌వల గారు అర మీటరు అదనంగా వదలమన్నది అందుకే.

పాతపెట్టె
పాత రూటర్ భేషుగ్గా పనికొస్తుంది, కానీ రూటర్‌గా కాదు, యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఉన్న నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే పెట్టెగా. ఉన్నదున్నట్టు వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ లైను పెట్టేది) కేబుల్ గుచ్చితే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. పైన ఉన్న ల్యాప్‌టాప్‌కు కింద ఉన్న ప్రింటర్ కనబడదు.

చేయాల్సింది ఈ క్రమంలో:

1. పాత రూటర్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు రీసెట్ చేసి, ఒక కంప్యూటర్‌కు మాత్రమే కలపండి. ఇంటి నెట్‌వర్క్‌కు ఇంకా కలపొద్దు.
2. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి, 3, 4 మెట్లు దాదాపు అదే చూసుకుంటుంది.
3. లేకపోతే దాని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రస్ మార్చండి. ఫైబర్ పెట్టె 192.168.1.1 అయి, అది 192.168.1.100 నుంచి 199 దాకా అడ్రసులు పంచుతుంటే, దీనికి 192.168.1.2 ఇవ్వండి.
4. డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపేయండి. ఇది మరిచిపోతే రెండు పెట్టెలూ అడ్రసులు పంచుతాయి. కొన్ని పరికరాలకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, రీస్టార్ట్ చేసినప్పుడల్లా అవి మారిపోతుంటాయి.
5. ఫైబర్ పెట్టె ల్యాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌ను దీని ల్యాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకుంటే మాత్రం చాలా మోడళ్లలో వ్యాన్ పోర్టు కూడా పనిచేస్తుంది.

మిగిలిన ల్యాన్ పోర్టుల్లో డెస్క్‌టాప్‌లు రెండూ పెట్టుకోవచ్చు. పోర్టులు చాలకపోతే 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి చాలు, దానికి సెట్టింగులేమీ ఉండవు. ఒకే జాగ్రత్త: రెండు పెట్టెల మధ్య రెండు కేబుళ్లు కలపొద్దు. వేగం పెరగదు సరికదా, ప్యాకెట్లు ఆ చుట్టులోనే తిరిగి తిరిగి మొత్తం నెట్‌వర్క్ స్తంభిస్తుంది. అన్ని పోర్టుల దీపాలూ ఒకేలా ఆగకుండా కొట్టుకుంటుంటే మొదట వెతకాల్సింది ఈ చుట్టునే.

రాగితీగ
పాతపెట్టె గారి నాలుగో మెట్టుకు నా ఓటు రెండుసార్లు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం పైనా కిందా ఒకటే పెట్టండి, చానళ్లు మాత్రం వేరు. 2.4లో 1, 6, 11 మాత్రమే ఒకదాన్లోకి ఒకటి రాకుండా ఉంటాయి. కింద 1, పైన 11 అనుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే మీకూ పక్కింటివాళ్లకూ ఇద్దరికీ నష్టమే. 5లో 80 వెడల్పు పెట్టొచ్చు. ఒకటి 36 మీద ఉంటే రెండోది 149 మీద, మీ పెట్టెలో ఆ చానల్ ఉంటేనే. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానళ్లు. పెట్టె ముందు కనీసం ఒక నిమిషం విని, ఆ తర్వాతే ప్రసారం మొదలుపెడుతుంది. రాడార్ వినబడితే అప్పటికప్పుడు చానల్ వదిలేస్తుంది. మధ్యమధ్యలో 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై మళ్లీ వస్తుంటే కారణం ఇదే కావొచ్చు.

వైఫై భద్రత రకం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. టీకేఐపీ అనే పాత రకం పెడితే భద్రత పోవడమే కాదు, వేగం కూడా 54 మెగాబిట్ దగ్గర ఆగిపోతుంది. పాత పెట్టెల్లో ఇది ఇంకా కనిపిస్తుంటుంది.

నెట్‌వల
ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కు ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రూటర్ కాదు. పైకి వెళ్లినా ఫోన్ కింది సిగ్నల్‌నే పట్టుకు వేలాడుతుంటే రెండు చోట్లా 2.4 ప్రసార శక్తిని మధ్యస్థానికి తగ్గించండి. ఎప్పుడూ గరిష్ఠంలో పెడితే రూటర్ మాట ఫోన్‌కు వినబడుతుంది, ఫోన్ మాట రూటర్‌కు వినబడదు. గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

మిద్దెగది
అందరికీ ధన్యవాదాలండీ. లాగడం, బిగించడం అయింది. మొదటి డెస్క్‌టాప్ 1 గిగాబిట్ చూపిస్తోంది. రెండోది 100 మెగాబిట్ దాటడం లేదు. ఒక ల్యాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది.

గూటిచిలక
100 దగ్గర ఆగడం కేబుల్ జబ్బు. 100 మెగాబిట్‌కు 1, 2, 3, 6 తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక తీగ సాకెట్‌లో పూర్తిగా దిగి ఉండదు. ముందు ఆ రెండు డెస్క్‌టాప్‌ల ప్యాచ్ కేబుళ్లు తారుమారు చేయండి. తప్పు కేబుల్‌తోపాటు పక్క కంప్యూటర్‌కు వెళ్తే ఆ ప్యాచ్ పారేయండి. వెళ్లకపోతే సాకెట్ తెరిచి 4, 5, 7, 8 మళ్లీ గుచ్చండి. తీగలు గుచ్చే సాధనం లేకుండా స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలి పళ్లు విడిపోయి పట్టు పోతుంది, అప్పుడు సాకెటే మార్చాలి.

పాతపెట్టె
169.254 అంటే ల్యాప్‌టాప్ అడ్రస్ అడిగింది, ఎవరూ పలకలేదు, దానంతట అదే ఒకటి పెట్టుకుంది. అది వైరు మీద ఉందా, పైన వైఫై మీద ఉందా? వైఫై అయితే పైపెట్టె నుంచి కిందికి వచ్చే కేబుల్ చూడండి, అది వ్యాన్ పోర్టులో ఉండొచ్చు. డీహెచ్‌సీపీ ఆపేశారు కాబట్టి అడిగింది కిందికి చేరకపోతే జవాబిచ్చేవాళ్లుండరు.

మిద్దెగది
రెండూ అవే. గోధుమ తీగ ఒకటి పైకి తేలి ఉంది. కేబుల్ వ్యాన్‌లోనే ఉంది, ల్యాన్‌లోకి మార్చగానే అడ్రస్ వచ్చింది. ఇక ఫైళ్లు పంచుకోవడం, ప్రింటర్ మిగిలాయి.

పాతపెట్టె
విండోస్‌లో రెండు డెస్క్‌టాప్‌లలోనూ ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని మార్చండి. పబ్లిక్‌గా ఉంటే ఫైర్‌వాల్ పక్క కంప్యూటర్‌ను రానివ్వదు. ఫోల్డర్‌ను షేర్ చేసి, పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఖాతాతో లోపలికి వెళ్లండి. పిన్ నంబరు ఇక్కడ చెల్లదు, ఖాతా అసలు పాస్‌వర్డే అడుగుతుంది. ఎస్ఎంబీ1 ఆన్ చేయమని ఎక్కడైనా కనిపిస్తే చేయకండి, అది ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి, ప్రమాదకరం. డెస్క్‌టాప్‌లలో వైఫై ఆపేయండి, అప్పుడు ఫైలు ఏ దారిన పోతోందన్న సందేహం ఉండదు.

ప్రింటర్‌కు కింది పెట్టెలో దాని మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) మీద ఎప్పుడూ మారని ఒకే ఐపీ అడ్రస్ కేటాయించండి. చాలా ప్రింటర్లకు 2.4 తప్ప తెలియదు. దాన్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథులకు వేరుగా ఇచ్చే వైఫై) పెడితే మిగతా ఎవరికీ కనబడదు.

రాగితీగ
వేగం కొలవడానికి ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ వాడొద్దు, అది మీ కనెక్షన్‌ను కొలుస్తుంది, మీ కేబుల్‌ను కాదు. వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌ను ఒక డెస్క్‌టాప్‌లో సర్వర్‌గా, ఇంకోదాన్లో క్లయింట్‌గా నడపండి. గిగాబిట్ లింకులో 940 మెగాబిట్ చుట్టుపక్కల రావాలి. 94 వస్తే మళ్లీ గూటిచిలక గారి సలహా దగ్గరికే. ఫైలు కాపీలో సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. ఐపెర్ఫ్ బాగుండి కాపీ మాత్రం నెమ్మదిస్తే తప్పు డిస్కుది.

మిద్దెగది
938 వచ్చింది. చివరి ప్రశ్న: పెరటి అవతల షెడ్డు 40 మీటర్ల దూరం. అక్కడికీ ఇదే కేబుల్ లాగొచ్చా? 100 మీటర్ల లోపే కదా.

నెట్‌వల
దూరం సరిపోతుంది, కానీ రాగి వద్దండి. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్తులు ఉంటే ఆ తేడా మీ కేబుల్ మీదికి రావొచ్చు. దగ్గర్లో పిడుగు పడితే రెండు వైపుల పోర్టులూ కాలిపోవచ్చు. రెండు పోగుల ఆప్టికల్ ఫైబర్, బయట వేయడానికి తగిన తొడుగుతో, చివరలు అతికించి వచ్చేదే తీసుకోండి. రెండు వైపులా ఒక్కో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టె). ఫైబర్, కన్వర్టర్లు ఒకే రకానివి కావాలి: సింగిల్ మోడ్ రకం ఫైబర్‌కు సింగిల్ మోడ్ కన్వర్టర్లే. పైపు పూడ్చేటప్పుడు ఫైబర్ చివరి ప్లగ్గు పట్టేంత వెడల్పున్నది వేయండి, కనెక్టర్ మూతలు గుచ్చే క్షణం దాకా తీయకండి. దీపం వెలగకపోతే ఒక చివర రెండు పోగులనూ అటుదిటు మార్చి చూడండి, పంపేది అవతల అందుకునేదానికి కలవాలి.