తక్కువ ఖర్చుతో సెకండ్ హ్యాండ్ మైకులు, మన్నే సంగీత పరికరాలు: ఏవి కొనాలి, ఎలా పరీక్షించాలి?

ప్రశ్న

నమస్కారం. నేను ఇంట్లో ఒక చిన్న గదిలో పాడుతూ, గిటారు వాయిస్తూ నా పాటలు నేనే రికార్డు చేసుకుంటాను. ఇంతకాలం ఫోన్‌లోని మైకుతోనే నెట్టుకొచ్చాను గానీ, గొంతులోని సన్నని గమకాలు అందులో సరిగా పడటం లేదు. అందుకని ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్, ఒక జత హెడ్‌ఫోన్లు కొనాలనుకుంటున్నాను. అన్నీ కొత్తవి కొనే స్తోమత లేదు కాబట్టి, ఒకరు వాడి అమ్ముతున్నవే చూస్తున్నాను.

వాడిన మైకుల్లో ఏ రకం ఎక్కువకాలం మన్నుతుంది? అమ్మేవారి దగ్గరకు వెళ్లినప్పుడు, ప్రత్యేకమైన పరికరాలేవీ లేకుండా, మైకు బాగుందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవడం ఎలా? ఏయే వస్తువులు పాతవి కొనవచ్చు, ఏవి కొత్తవే కొనడం మేలు? చవకగా వచ్చిందని కొని, ఏడాది తిరక్కుండానే మూలన పడేసే వస్తువు నాకు వద్దు. ధర కాస్త ఎక్కువైనా చాలా ఏళ్లు పనిచేసేది, పాడైతే విప్పి బాగుచేయించుకోగలిగేది కావాలి.

జవాబు 1

విప్పి బాగుచేయించుకోగలిగేది కావాలని మీరు చివర్లో రాశారే, కొనే ప్రతి వస్తువుకూ అదే కొలబద్దగా పెట్టుకోండి. ఆ లెక్కన మీ మొదటి మైకు డైనమిక్ రకానిదై ఉండాలని నా అభిప్రాయం. దాని నిర్మాణం చాలా సరళం. పలుచని డయాఫ్రమ్, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, ఆ తీగచుట్ట దగ్గర ఒక అయస్కాంతం ఉంటాయి. గొంతు తాకిడికి డయాఫ్రమ్ కదిలితే తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో ఆడుతుంది, ఆ కదలిక నుంచే విద్యుత్ సంకేతం పుడుతుంది. బయటినుంచి కరెంటు అక్కర్లేదు, లోపల ఆంప్లిఫయర్ ఉండదు. అందుకే కాలంతోపాటు పాడయ్యే భాగాలు అందులో చాలా తక్కువ.

ఈ రకానికి చెందిన షూర్ వారి ఎస్‌ఎం57 1965లో, ఎస్‌ఎం58 1966లో వచ్చాయి. రెండూ ఇప్పటికీ తయారవుతున్నాయి. దీనివల్ల మనకు దక్కే లాభం పేరుప్రతిష్ఠల కన్నా పెద్దది: పైన ఉండే జాలీ సొట్టపడితే జాలీ విడిగా దొరుకుతుంది, లోపలి కార్ట్‌రిడ్జ్ (డయాఫ్రమ్, తీగచుట్ట, అయస్కాంతం ఉండే భాగం) కూడా విడిగా దొరుకుతుంది. జాలీకి సొట్టలు పడి, రంగు చెక్కుకుపోయి, చూడటానికి బాగాలేని ఎస్‌ఎం58 చవకగా కనిపిస్తే వెనకాడనక్కర్లేదు. ఆ జాలీ దెబ్బను తాను తీసుకుని లోపలి భాగాన్ని కాపాడటానికే ఉంది. లోపలి స్పాంజిలో ఏళ్ల తరబడి పేరుకున్న మురికి ఉంటే, జాలీని మరతిప్పి తీసి, తేలికపాటి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి బిగించాలి. కార్ట్‌రిడ్జే చెడిపోయిన మైకును మాత్రం కొనకండి, దాన్ని మార్చడానికయ్యే ఖర్చు లాభాన్ని మింగేస్తుంది.

ఈ మైకుతో ఉన్న అసలు ఇబ్బంది నకిలీలు. ఎస్‌ఎం58కి నకిలీలు విపరీతంగా ఉన్నాయి, పెట్టె, సంచి, కాగితాలతో సహా అచ్చు అలాగే ఉంటాయి కనుక పెట్టె చూసి నమ్మవద్దు. అసలు మైకు బరువు 298 గ్రాములు. నకిలీల్లో చాలావాటి పిడిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కాబట్టి బరువు స్పష్టంగా తగ్గుతుంది. చిన్న తూనిక యంత్రం ఒకటి వెంట తీసుకెళ్లడం సిగ్గుపడవలసిన పని కాదు. నిజమైనదని మీకు తెలిసిన మరో ఎస్‌ఎం58 ఎవరి దగ్గరైనా ఉంటే, రెండింటినీ ఒకే కేబుల్‌తో, ఒకే గెయిన్‌తో (మైకు సంకేతాన్ని పెంచే మోతాదుతో) మార్చి మార్చి విని చూడండి. నకిలీది పలుచగా, చెవిలో గుచ్చుకునేలా వినిపిస్తుంది.

పరీక్షించేటప్పుడు ముందు మైకును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదో ఊడి గలగలలాడితే అక్కడితో ఆపేయవచ్చు. తరువాత మాట్లాడుతూ కేబుల్ తగిలించిన చోట అటూ ఇటూ కదిపి చూడండి, శబ్దం తెగి తెగి వస్తే ముందు కేబుల్ మార్చి మళ్లీ వినండి. మైకు చెడిపోయిందని అనుకునే సందర్భాల్లో చాలాసార్లు దోషం కేబుల్‌లోనే ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది. మైకు ముందువైపు మాట్లాడి, అదే దూరం నుంచి, అదే గొంతుతో వెనకవైపు మాట్లాడండి. ఇవి ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకులు కాబట్టి, వెనకనుంచి గొంతు బాగా తగ్గిపోవాలి. రెండువైపులా దాదాపు సమానంగా వినిపిస్తే ఆ మైకు దెబ్బతిన్నదో నకిలీదో అయి ఉంటుంది.

జవాబు 2

పై సమాధానంలోని పరీక్షలన్నీ నాకు సమ్మతమే. కానీ ప్రశ్న అడిగినవారు వేదిక మీద పాడటం లేదు. గదిలో కూర్చుని, గొంతులోని సన్నని గమకాలు, గిటారు తీగల మెరుపు రికార్డు చేయాలంటున్నారు. ఎస్‌ఎం58 దాదాపు 15 కిలోహెర్ట్జ్ వరకే స్పందిస్తుంది, అంతకు మించిన అతి సన్నని ధ్వనులను సరిగా పట్టదు, పైగా దాని అవుట్‌పుట్ తక్కువ. ఆడియో-టెక్నికా వారి ఏటీ2020 లాంటి సాధారణ కండెన్సర్ మైకు (బయటినుంచి కరెంటు అందితేనే పనిచేసే, మరింత సున్నితమైన రకం) కూడా దానికన్నా సుమారు 17 డెసిబెల్స్ ఎక్కువ అవుట్‌పుట్ ఇస్తుంది. అంటే చవకైన ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ చివరిదాకా తిప్పి, దానితోపాటు వచ్చే బుసను భరించవలసిన అవసరం ఉండదు. మెల్లగా పాడే గొంతుకు ఇది చాలా పెద్ద తేడా.

కండెన్సర్లలో మైకు తనంతట తాను చేసే చప్పుడును కూడా చూడాలి. దీన్ని సెల్ఫ్ నాయిస్ అంటారు. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్, రోడ్ వారి ఎన్‌టీ1-ఏకి 5 డెసిబెల్స్ మాత్రమే. నోటికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా పాడేవారికి ఈ తేడా తెలియదు. గిటారును రెండడుగుల దూరం నుంచి నెమ్మదిగా మీటి రికార్డు చేసేవారికి తప్పకుండా తెలుస్తుంది. అందుకే ఈ రెండూ వాడినవి అందుబాటులోకి వస్తే, నేనైతే ఎన్‌టీ1-ఏ వైపే మొగ్గుతాను.

అయితే కండెన్సర్‌కు తేమ శత్రువు. డయాఫ్రమ్ మీద తేమ, దుమ్ము చేరితే చిటపటలు వస్తాయి, శబ్దం ఉన్నట్టుండి తగ్గుతుంది. ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి కేబుల్ ద్వారా మైకుకు అందే కరెంటు) ఇచ్చి, మైకును కొంతసేపు అలాగే ఉంచి, గెయిన్ బాగా పెంచి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు రికార్డు చేయండి. దాన్ని హెడ్‌ఫోన్లలో వినండి. సమానంగా వినిపించే సన్నని బుస సహజం. మధ్యమధ్య టప్‌మనే చప్పుళ్లు, చిటపటలు సహజం కావు. తరువాత మైకు దగ్గరగా కాసేపు మాట్లాడి, ఆపి, మళ్లీ వినండి. ఊపిరి తడి తగిలాక చిటపట మొదలైతే ఆ మైకు వదిలేయడమే మంచిది. పొగతాగే గదిలో ఏళ్ల తరబడి ఉన్న కండెన్సర్ మైకును వాసన పట్టి గుర్తించవచ్చు, దాన్నీ వదిలేయండి. కొన్నాక సిలికా జెల్ సంచులతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకుంటే చాలా ఏళ్లు చక్కగా పనిచేస్తుంది.

కొన్ని కండెన్సర్లలో బ్యాటరీ పెట్టే అర ఉంటుంది. దాన్ని తెరిచి చూడకుండా డబ్బు ఇవ్వకండి. మరచిపోయిన బ్యాటరీ కారి లోపలి రేకులను తినేసి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు ఇప్పుడు మూడు విషయాల్లో సలహా కావాలి. నాకు దగ్గర్లో ఒకరు పాత ఫైర్‌వైర్ (కంప్యూటరుకు కలిపే ఒక పాత రకం పోర్టు) ఇంటర్‌ఫేస్‌ను చాలా తక్కువకు ఇస్తామంటున్నారు, దాని ప్రీఆంప్లు (మైకు సంకేతాన్ని పెంచే భాగాలు) గొప్పవని చెబుతున్నారు. అది తీసుకోవచ్చా? అలాగే షూర్ ఎస్‌ఎం7బీ గురించి అందరూ చెబుతుంటారు, వాడినది దొరికితే దాని కోసం మిగతావి వాయిదా వేయవచ్చా? చివరిగా, కేబుళ్లు, హెడ్‌ఫోన్లు కూడా పాతవే తీసుకోవచ్చా?

జవాబు 3

ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్ వద్దు. ప్రీఆంప్లు ఎంత మంచివైనా, ఇప్పటి కంప్యూటర్లలో ఆ పోర్టు లేదు, అడాప్టర్ల వరుస కలిపినా దాని డ్రైవర్ (దాన్ని కంప్యూటరుతో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచేయకపోవచ్చు. మైకుకు వయసు పెరగడం వేరు, ఇంటర్‌ఫేస్‌కు వయసు పెరగడం వేరు. ఎస్‌ఎం57కి ఉన్న మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ ఈనాటి పరికరాలన్నింటికీ సరిపోతుంది. 1983లో వచ్చిన అయిదు పిన్నుల మిడి కేబుల్‌తో (సంగీత పరికరాలను ఒకదానితో ఒకటి కలిపేది) ఇప్పటికీ పాత కీబోర్డును కొత్త పరికరానికి కలపవచ్చు. కంప్యూటరు మీద ఆధారపడ్డ పెట్టె మాత్రం లోపల ఏ భాగమూ చెడిపోకపోయినా, డ్రైవర్ ఆగిపోయిన రోజున పనికిరాకుండా పోతుంది. అందుకే నేను మైకులు, స్టాండ్లు నిర్భయంగా పాతవి కొనమంటాను, ఇంటర్‌ఫేస్ విషయంలో ఆచితూచి అడుగు వేయమంటాను.

వాడిన ఇంటర్‌ఫేసే కొనాలనుకుంటే, ప్రత్యేక డ్రైవర్ లేకుండానే పనిచేసే యూఎస్‌బీ రకాన్ని వెతకండి. దీన్ని క్లాస్ కంప్లయంట్ అంటారు. ఫోన్‌కో ట్యాబ్లెట్‌కో తగిలించినా అది పనిచేయాలి, అక్కడే పరీక్షించి చూడవచ్చు. ప్రతి నాబ్‌నూ మొదటినుంచి చివరిదాకా మెల్లగా తిప్పండి. కొద్దిపాటి గరగర కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, తిప్పుతుంటే ఒకవైపు శబ్దం పూర్తిగా మాయమైతే మాత్రం ఆ నాబ్ మార్చాలి. యూఎస్‌బీ సాకెట్ వదులైందేమో కూడా చూడండి, ఎందుకంటే అది సర్క్యూట్ బోర్డుకు టంకం వేసి ఉంటుంది, మార్చడం కష్టం. యూఎస్‌బీ మైకులు పాతవి కొనవద్దని చెప్పడానికి కూడా ఇదే కారణం: ఆ ఒక్క సాకెట్ చెడితే మైకు మొత్తం పోయినట్టే.

మల్టీమీటర్ ఉంటే ఫాంటమ్ పవర్‌ను కూడా కొలవండి. ఇన్‌పుట్‌కు మైకు తగిలించకుండా, 1వ పిన్నుకు 2వ పిన్నుకు మధ్య, ఆపైన 1కి 3కి మధ్య చూస్తే రెండుసార్లూ 44 నుంచి 52 వోల్టుల లోపు, దాదాపు ఒకే సంఖ్య రావాలి. ఒకవైపు బాగా తక్కువ వస్తే ఆ ఛానల్‌లో దోషం ఉంది.

కేబుళ్లు కొత్తవే కొనండి, లేదా టంకం వేయడం నేర్చుకుని మీరే చేసుకోండి. 1వ పిన్నుకు షీల్డ్ (చుట్టూ ఉండే రక్షణ తీగ), 2కి హాట్, 3కి కోల్డ్ (సంకేతాన్ని మోసే రెండు తీగలు), అంతే. కనెక్టర్‌ను మరతిప్పి విప్పగలిగేలా ఉన్న కేబుల్‌ను ఎన్నిసార్లైనా బాగుచేసుకోవచ్చు. కరిగించి పోసిన ప్లాస్టిక్ కనెక్టర్ ఉన్నదాన్ని ఒక్కసారి తెగితే పారేయాలి. హెడ్‌ఫోన్ల విషయానికొస్తే, సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి తయారవుతోంది. దాని చెవిదిండ్లు కాలక్రమేణా పెచ్చులుగా ఊడిపోతాయి గానీ కొత్త దిండ్లు సులభంగా దొరుకుతాయి. వాడినవి కొన్నప్పుడు ఆరోగ్యం దృష్ట్యా కూడా దిండ్లు మార్చేయండి. తీగ మాత్రం హెడ్‌ఫోన్‌కే కలిసి ఉంటుంది, కాబట్టి అది పైన చేరే చోట వంచి చూసి, రెండు చెవుల్లో శబ్దం నిలకడగా ఉంటేనే తీసుకోండి.

జవాబు 1

ఎస్‌ఎం7బీ గురించి మీరు అడిగినదానికి: అది చాలా మంచి మైకు, దృఢమైనది కూడా. కానీ దాని అవుట్‌పుట్ ఎస్‌ఎం58 కన్నా మరో నాలుగైదు డెసిబెల్స్ తక్కువ. మామూలు గొంతుకు దాదాపు 60 డెసిబెల్స్ శుభ్రమైన గెయిన్ కావాలి. చాలా చవక ఇంటర్‌ఫేస్‌లకు అది చివరి అంచు, మెల్లగా పాడే మీకు అది కూడా చాలకపోవచ్చు. అప్పుడు మధ్యలో మరో బూస్టర్ కొనవలసి వస్తుంది. దాని కోసం మిగతావి వాయిదా వేయవద్దు.

కండెన్సర్ కొనమని చెప్పిన రెండవ సమాధానంతో, మీ అవసరం చూశాక, నేనూ ఏకీభవిస్తున్నాను. ఒక్క షరతు: అది మీ గదిలోని ఫ్యాను చప్పుడును, గోడల ప్రతిధ్వనిని కూడా అంతే శ్రద్ధగా పడుతుంది. కొనేముందు ఎవరిదైనా ఒక కండెన్సర్ అడిగి తెచ్చుకుని మీ గదిలో ఒక పాట రికార్డు చేసి చూడండి. గది శబ్దమే ముందు వినిపిస్తే ఎస్‌ఎం57 తీసుకుని, నోటికి దగ్గరగా, గాలి తాకిడి తగ్గించే ఫిల్టర్ పెట్టుకుని పాడండి. గిటారుకు కూడా అదే పనికొస్తుంది.

పాత వైర్‌లెస్ మైకులు చవకగా కనిపిస్తే మాత్రం వాటి జోలికి వెళ్లకండి. అవి వాడే ఫ్రీక్వెన్సీలను ప్రభుత్వాలు కాలక్రమేణా మొబైల్ సేవలకు కేటాయిస్తున్నాయి. అమెరికాలో 2010లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో, 2020లో 600 మెగాహెర్ట్జ్ బ్యాండులోని అధిక భాగంలో వైర్‌లెస్ మైకుల వాడకం నిషిద్ధమైంది. పక్కాగా పనిచేసే సెట్లను కూడా అక్కడ అమ్మకానికి పెట్టడానికి అదొక కారణం. స్టాండు కొనేటప్పుడు దాని మరచుట్టు 5/8 అంగుళమా 3/8 అంగుళమా అని అడిగి, సరిపడే చిన్న అడాప్టర్ కూడా అదే రోజు తెచ్చుకోండి.