యజమాని తనకు తాను జీతం రాసుకోవాలా, మిగిలింది తీసుకోవాలా?

చెక్కపనివాడు (చర్చ మొదలుపెట్టినవారు)

నాలుగేళ్లుగా ఫర్నిచర్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. నాతో కలిపి ముగ్గురం. పని బాగానే ఉంది. రావలసిన బాకీలు మరీ ఎక్కువేం లేవు. ఏడాది చివర లెక్కలు చూసేవారు ‘లాభమే’ అంటారు. మొన్న మా ఆవిడ ఒక మాట అడిగింది, “నెలకి మనకెంత వస్తుంది?” అని. చెప్పలేకపోయాను. పనివాళ్లిద్దరికీ ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నాకెంతో నాకే తెలియదు.

నా పద్ధతి ఏమిటంటే, అవసరం వచ్చినప్పుడు డ్రాయర్‌లోంచి డబ్బు తీసుకుని, చీటీ మీద ‘నాది’ అని రాసి అందులోనే పడేస్తాను. ఆ రాత్రి చీటీలన్నీ బయటికి తీసి కూడదామని కూర్చున్నాను. సగం వాటి మీద తేదీ లేదు. ఒకదాని మీద ‘నాది’ అని ఉంది, పక్కన అంకె లేదు. ఇంకోదాని మీద ‘నాది కాదు, జిగురు’ అని నా చేతిరాతే.

ఒక స్నేహితుడేమో మొదటి రోజు నుంచే జీతం రాసుకోవాల్సింది అంటాడు. ఇంకొకడేమో యజమానికి జీతమేంటి, మిగిలిందంతా నీదేగా అంటాడు. మీరేమంటారు?

పాత ప్రెస్సు

ఇరవై రెండేళ్లు ప్రింటింగ్ ప్రెస్ నడిపాను తమ్ముడూ. నీ రెండో స్నేహితుడిదే నా మాట. జీతమని ఒక అంకె పెట్టుకున్నావంటే పని లేని నెలలో కూడా అది ఒకటో తారీఖుకి వచ్చి తలుపు కొడుతుంది. కాగితం వాడికి ఆపుతావు, కరెంటు బిల్లు ఆపుతావు, జీతం మాత్రం ఇంటికి పట్టుకెళ్తావు. నేను మొదటి రెండేళ్లు ఇంటికి ఏమీ పట్టుకెళ్లలేదు. నా కటింగ్ మెషిన్ ఆ డబ్బుతో కొన్నదే. అప్పు మీద కొని ఉంటే వడ్డీకే రెక్కలు విరిగేవి. విత్తనాలు వండుకు తింటే వచ్చే ఏడు ఏం చల్లుతాం?

నిద్ర తక్కువ

పాత ప్రెస్సు గారూ, ఒక చిన్న ప్రశ్న. ఆ రెండేళ్లు ఇల్లెలా గడిచింది?

పాత ప్రెస్సు

మా ఆవిడ ఉద్యోగం చేసేది.

నిద్ర తక్కువ

అదీ సంగతి. అంటే మీ ప్రెస్‌కి పెట్టుబడి పెట్టింది ఆవిడ జీతం. మీ పద్దుల్లో ఆవిడ పేరు ఎక్కడైనా ఉందా?

నాది సర్వీసింగ్ సెంటర్. నేనూ మీలాగే మొదటి ఏడాది ఏమీ తీసుకోలేదు. నాకు ఇంట్లో రెండో సంపాదన లేదు కాబట్టి ఇల్లు క్రెడిట్ కార్డు మీద నడిచింది. వ్యాపారానికి ఒక్క అప్పు కూడా లేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ని. అప్పు ఉంది, కాకపోతే ఇంటి పేరు మీద ఉంది, వ్యాపారానికి దొరికే అప్పు కంటే బాగా ఎక్కువ వడ్డీకి. ఆ సంగతి అర్థమవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వ్యాపారం నుంచి తీసుకోకపోతే పొదుపు చేసినట్టు కాదండీ. ఆ ఖర్చు ఇంకో తలుపు గుండా వచ్చేస్తుంది.

ఆవర్జా

వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని, మాట కాస్త పొడుగవుతుంది, భరించండి. ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అయ్యాయి. జీతం లెక్కలో రాసుకోవడం ఒకటి, చేతికి తీసుకోవడం ఇంకొకటి. పాత ప్రెస్సు గారు రెండోదాన్ని వద్దంటున్నారు. దాంతో మొదటిది కూడా కొట్టుకుపోతోంది.

చట్టం ముక్క ముందు చెప్పేస్తాను. సొంతదారు వ్యాపారమైతే చాలా దేశాల్లో మీరూ మీ వ్యాపారమూ ఒకటే మనిషి కింద లెక్క. మీకు మీరు ఉద్యోగి కాలేరు. మీరు తీసుకున్నది ‘సొంతవాడకాలు’. అది లాభనష్టాల ఖాతాలోకి రాదు, మూలధనంలోంచి తగ్గుతుంది. అందుకే పన్ను మొత్తం లాభం మీద పడుతుంది, అందులో మీరు తీసుకున్నది ఎంతైనా సరే. కంపెనీ పెట్టుకుంటే కథ మారుతుంది. 1896లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి అప్పీళ్లు వినే ప్రభువుల సభ కంపెనీ వేరు, దాని యజమాని వేరు అని తేల్చింది. న్యూజిలాండ్‌లో లీ అనే పైలట్ కేసు ఇంకా విచిత్రం. విమానంతో పొలాల మీద ఎరువులు చల్లే కంపెనీ ఆయనది. 3,000 వాటాల్లో 2,999 ఆయనవే. ఆ కంపెనీకి జీతం మీద పైలటూ ఆయనే. 1956లో విమానం కూలి చనిపోయాడు. తన కంపెనీకి తానే ఉద్యోగి ఎలా అవుతాడని పరిహారం దగ్గర పేచీ వచ్చింది. అవుతాడని 1960లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్‌కు ఆఖరి అప్పీలు లండన్‌లోని ఈ కోర్టుకే) చెప్పింది, భార్యకు పరిహారం దక్కింది. ఆయన తనను తాను ఉద్యోగిగా పెట్టుకోకపోయి ఉంటే ఆవిడకు అడిగే దారే ఉండేది కాదు.

చెక్కపనివాడు

నా దగ్గర విమానం లేదండీ, ఒక రంపం మెషిన్ ఉంది. కంపెనీ కూడా కాదు, సొంతదారు వ్యాపారమే. అంటే నాకు జీతం రాసుకునే అవకాశమే లేదా?

ఆవర్జా

పన్ను లెక్కలో లేదు. మీ సొంత లెక్కలో ఎవరూ అడ్డుకోరు. మీ వర్క్‌షాప్‌కి నెలకు 100 వస్తుందనుకోండి. చెక్క, సామగ్రికి 45. పనివాళ్లకు 25. అద్దె, కరెంటు, వడ్డీ, మిగతావి 15. మిగిలింది 15. లాభమే అని మీకు చెబుతున్నది ఈ 15 గురించే.

ఇప్పుడు మీరు ఆరు నెలలు మంచం పట్టారనుకోండి (అలా జరగకూడదు, లెక్క కోసం). మీ పని చేయడానికి, అంటే కొలతలు తీసుకోవడం, గీతలు గీయడం, బేరాలాడటం, ఇద్దరినీ చూసుకోవడం, వీటన్నిటికీ ఒక మనిషిని పెడితే ఎంతివ్వాలి? 18 అనుకుందాం. 15లోంచి 18 తీస్తే మూడు తక్కువ. మీ వర్క్‌షాప్ నష్టంలో నడుస్తోంది, ఆ నష్టాన్ని మీ ఒంటి కష్టంతో పూడుస్తున్నారు. ఆర్థికశాస్త్రంలో దీన్ని అవ్యక్త వ్యయం అంటారు.

ఇంకో తిరకాసు ఉంది. రంపం మెషిన్ వాయిదా కడుతున్నారా? వడ్డీ భాగమే లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా కనిపిస్తుంది. అసలు భాగం అందులో కనిపించదు, బ్యాంకులోంచి మాత్రం పోతుంది. అసలు కింద నెలకు 6 కడుతుంటే చేతికి వచ్చేది 15 కాదు, 9. పన్ను కట్టాల్సింది మళ్లీ అందులోంచే. ‘లాభం ఉంది, డబ్బు లేదు’ అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చిక్కు ఇక్కడే ఉంటుంది.

పాత ప్రెస్సు

లెక్క బాగుంది అకౌంటెంటు గారూ. అయితే 18 రాసుకోగానే ఏమవుతుంది? కుర్చీ కొనేవాడు నీ జీతం చూసి ధర ఇస్తాడా? పక్కవాడు ఎంతకిస్తున్నాడో చూసి ఇస్తాడు. కాగితం మీద నష్టం రాసుకుని బెంగ పెట్టుకోవడం తప్ప ఒరిగేదేముంది?

ఆవర్జా

ఒరిగేది ఉంది. అదే లెక్క మీద చూడండి. ధర నూటికి 5 పెంచారు, ఆర్డర్లేమీ తగ్గలేదనుకుంటే 105 వస్తుంది, సామగ్రి 45 పోగా 60 మిగులుతుంది. ఇదివరకు మిగిలేది 55. అంటే ప్రతి 12 ఆర్డర్లలో ఒకటి పోయినా పాత 55 అలాగే ఉంటుంది, పని మాత్రం పన్నెండో వంతు తగ్గుతుంది. 13లో ఒకటే పోతే లాభపడ్డట్టు. ధర పెంచితే గిరాకీ పడిపోతుందని భయపడేవాళ్లు ఎంత పడిపోతే నష్టమో లెక్క వేయరు. మార్కెట్ ధర మన చేతిలో లేదన్నది నిజమే. ఆ ధరకు ఈ పని ఒప్పుకోవాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంది.

తెర వెనుక

ఇందాకటి నుంచి చదువుతున్నాను. అందరూ యజమాని జీతం గురించే మాట్లాడుతున్నారు. మా వారి వ్యాపారంలో బిల్లులు రాసేది నేను, బాకీల కోసం ఫోన్లు చేసేది నేను, సరుకు వచ్చినప్పుడు లెక్కపెట్టేది నేను. పదకొండేళ్లు. నా పేరు మీద ఒక్క పద్దు లేదు. కిందటేడు నాకు ఒంట్లో బాగోక రెండు నెలలు వెళ్లలేదు. ఒక అమ్మాయిని జీతానికి పెట్టారు. ఆ రెండు నెలల లెక్క చూసి మా వారు “ఈసారి ఖర్చు బాగా పెరిగింది” అన్నారు. పెరగలేదండీ, మొదటిసారి కనబడింది.

చెక్కపనివాడు గారూ, మీ ఆవిడ లెక్కలేమైనా చూస్తారా?

చెక్కపనివాడు

ఆదివారాలు కొటేషన్లు టైప్ చేస్తుంది. బాకీల ఫోన్లు కూడా తనే. నేను చేస్తే మొహమాటపడతానని.

తెర వెనుక

అయితే ఆ 18 చాలదు.

పాత ప్రెస్సు

అమ్మా, నువ్వన్నది నాకు తగిలింది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ జీతం ‘తీసుకోవడం’ మీద నా మాట మారదు. మొదట్లో నగదు లోపలే ఉండాలి.

అమ్మేసినవాడు

నేను పోయినేడు నా వ్యాపారం అమ్మాను కాబట్టి ఒక ముక్క చెబుతాను. పదేళ్లు జీతం రాసుకోకుండా లాభమంతా లాభంగానే చూపించాను. కొనడానికి వచ్చినాయన కూర్చుని మొదట చేసిన పని, లాభం అంకె కింద ‘మేనేజర్’ అని రాసి ఒక మొత్తం కొట్టేయడం. “మీరు పోయాక ఈ పని ఎవరో ఒకరు చేయాలిగా, నేను రోజూ రాలేను” అన్నాడు. మిగిలిన దాని మీద ధర కట్టాడు. నేను మనసులో అనుకున్న దాంట్లో సగం కూడా రాలేదు. వాదించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ కొట్టేసిన అంకె పదేళ్ల కిందట నేనే రాసుకుని ఉంటే ధరలు వేరేగా పెట్టేవాణ్ని.

ఇంటి అప్పుకి వెళ్లినప్పుడు కూడా ఇదే తంటా. నిలకడగా నెలనెలా పడే మొత్తం ఎక్కడుందని అడిగారు. చీటీలు చూపిస్తామా?

నిద్ర తక్కువ

తీసుకోవడం దగ్గర నేను కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను, పనికొస్తే వాడుకోండి. వ్యాపారానికి, ఇంటికి వేర్వేరు బ్యాంకు ఖాతాలు. కిందటేడు అన్నిటికంటే డల్‌గా నడిచిన మూడు నెలలు చూసి, ఆ నెలల్లో కూడా ఇవ్వగలిగిన మొత్తమే జీతంగా పెట్టుకున్నాను. చిన్న మొత్తమే. ప్రతి నెలా ఒకే తేదీన ఇంటి ఖాతాలోకి దానంతటదే వెళ్తుంది. మూడు నెలలకోసారి చూసుకుని, పన్ను సొమ్ము పక్కన పెట్టి, రెండు నెలల అద్దె, జీతాలు, వాయిదాలకు సరిపడా ఉంచి, ఆ పైన ఉంటేనే అదనంగా తీసుకుంటాను. గల్లా పెట్టెలో చెయ్యి పెట్టడం మానేశాను. మానడమే కష్టం. సిగరెట్ మానినట్టే ఉంటుంది.

పాత ప్రెస్సు గారి భయం కూడా ఇందులో తీరుతుంది. నగదు లోపలే ఉంటుంది, ఇల్లూ గడుస్తుంది.

పాత ప్రెస్సు

డల్ నెలల లెక్కన పెట్టుకోవడం బాగుంది. అది నాకు తట్టలేదు. కానీ మొదటి ఆరు నెలల్లో కిందటేడు ఎక్కడిది? చూడ్డానికి లెక్కే లేదు కదా.

నిద్ర తక్కువ

నిజమే. అప్పుడు ఇంటికి ఎంత అవసరమో అంత, అన్ని నెలలకు సరిపడా ముందే మూలధనంలో కలుపుకుని దిగాలి. లేకపోతే దిగకూడదు.

పాత ప్రెస్సు

అలా అయితే నేను ఎప్పటికీ దిగేవాణ్ని కాదు.

ఆవర్జా

ఇది కొత్తగా పుట్టిన గొడవేం కాదు. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే గణిత పండితుడు జంటపద్దు విధానాన్ని (ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే పద్ధతి) అచ్చులో వివరించినప్పుడే ఇంటి ఖర్చులకు విడిగా ఖాతా పెట్టమన్నాడు. అప్పటికీ చీటీల బాపతు ఉండే ఉంటారు.

చెక్కపనివాడు

వారం తర్వాత వస్తున్నాను. అందరికీ థ్యాంక్స్.

ఆరు రోజులు ఒక నోట్‌బుక్ పెట్టి నేను ఏ ఆర్డర్ మీద ఎన్ని గంటలు పనిచేశానో రాశాను. మొత్తం 58 గంటలు. అందులో 31 ఒక్క పార్టీవే. నెలనెలా కుర్చీలు తీసుకునే పార్టీ, నా పెద్ద ఖాతా, ఎప్పుడూ టైముకి డబ్బిచ్చేవాడు. నేను బంగారంలా చూసుకునేవాణ్ని. నా గంటలకు 18 లెక్కన, ఆదివారాల కొటేషన్లకు ఇంకో 2 కలిపి రాసి చూస్తే, మిగతా చిన్న ఆర్డర్లన్నీ లాభంలో ఉన్నాయి. ఆ కుర్చీలు ఒక్కటే నష్టం. వాటి వీపు భాగం వంపు తిప్పడం నాకు తప్ప ఆ ఇద్దరికీ రాదు. అందుకే నా గంటలన్నీ అక్కడికే పోతున్నాయి, నా గంటలకు ఖరీదు లేదు కాబట్టి ఇన్నాళ్లూ అది లాభంలా కనిపించింది.

నిద్ర తక్కువ గారు చెప్పినట్టు డల్ నెలలు చూసి ఒక మొత్తం పెట్టుకున్నాను. నిన్న మొదటిసారి ఇంటి ఖాతాలో పడింది. మా ఆవిడ మెసేజ్ చూసి “ఇదేంటి, ఎవరు వేశారు?” అంది.

ఆ పార్టీకి ధర నూటికి 8 పెంచుతున్నానని పొద్దున మెసేజ్ పెట్టాను. చూశాడు. ఇంకా ఏమీ అనలేదు.

పాత ప్రెస్సు

ఎనిమిదా! గట్టివాడివే. వంపు తిప్పడం ఆ ఇద్దరిలో ఒకడికి నేర్పు ముందు. ఏమన్నాడో ఇక్కడ రాయి, వద్దన్నా సరే రాయి.