లిథియం ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో అన్నిటికన్నా పైన ఉంటే, నీళ్ళలో ఎందుకంత నెమ్మది?

పటమట ట్యూషన్ టీచర్:
విజయవాడ పటమటలో మా ఇంటి వరండాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్స్ చెబుతాను. నా బి.ఎస్‌సి. అయ్యి ఇరవై ఏళ్ళు దాటింది. నిన్న క్షార లోహాల గురించి చెప్పాను. గ్రూపులో కిందికి వెళ్ళేకొద్దీ చర్యాశీలత పెరుగుతుందని, లిథియం నీళ్ళలో మెల్లగా బుడగలు వదులుతుందని, సోడియం నీటి మీద పరుగులు పెడుతుందని, పొటాషియం వేయగానే మంట వస్తుందని. ఒక పాప వాళ్ళ అన్నయ్య ఇంటర్ నోట్సు తెచ్చి ముందు పెట్టింది. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో (నీళ్ళలో లోహం ఎంత సులువుగా ఎలక్ట్రాన్ వదులుతుందో చెప్పేది, మైనస్ ఎంత ఎక్కువైతే అంత సులువు) లిథియం మైనస్ 3.04 వోల్టులు, పొటాషియం మైనస్ 2.93, సోడియం మైనస్ 2.71. "టీచర్, లిథియమే బలమైన క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది అని ఉంది. మరి మీరు నెమ్మది అన్నారేంటి?" అంది. రేపు చెబుతానన్నాను. అప్పటినుంచి అదే టెన్షన్. రెండూ ఎలా నిజమవుతాయి?

బెంజి సర్కిల్ కుర్రాడు:
హైడ్రేషన్ శక్తి వల్ల మేడమ్, అంటే అయాన్ నీళ్ళలో కలిసినప్పుడు బయటికొచ్చే శక్తి. లిథియం అయాన్ చాలా చిన్నది, నీటి అణువులు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. మాకు కోచింగ్‌లో ఇంతే చెప్పారు.

పటమట ట్యూషన్ టీచర్:
థాంక్స్ బాబూ. పట్టికలో పైన ఎందుకుందో దీంతో తెలిసింది. కానీ శక్తి అంత ఎక్కువ వస్తే ఇంకా గట్టిగా పేలాలి కదా? నా చిక్కు అక్కడే ఉంది.

బ్రాడీపేట కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, ఆ పాపను నా తరఫున మెచ్చుకోండి. గుంటూరులో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను, ఇంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ.

ముందు లెక్క వేద్దాం. ఘన లోహంలోంచి పరమాణువును బయటికి లాగాలి, దాన్నుంచి ఎలక్ట్రాన్ తీయాలి, వచ్చిన అయాన్‌ను నీళ్ళలో కలపాలి. మొదటి రెండింటికీ మనం ఖర్చు పెడతాం, మూడోదాంట్లో తిరిగి వస్తుంది. లిథియానికి మోల్‌కు సుమారు 161, 520 కిలోజౌళ్ళు ఖర్చు, 506 రాబడి. చేతినుంచి పడేది 175. సోడియానికి 108, 496 ఖర్చు, 406 రాబడి. అంటే 198 పడుతుంది. పొటాషియానికి 89, 419 ఖర్చు, 330 రాబడి, కాబట్టి 178. తక్కువ పడేది లిథియానికి, ఎక్కువ పడేది సోడియానికి. పాప చూపించిన పట్టికలో వరస కూడా ఇదే. లిథియం నుంచి ఎలక్ట్రాన్ తీయడం అన్నిటికన్నా కష్టం, అయినా ఆ చిన్న అయాన్‌ను నీళ్ళు అంత ఆత్రంగా చుట్టుకుంటాయి కాబట్టి లోటు పూడిపోతుంది.

నీటితో చర్యలో వచ్చే వేడి చూసినా అంతే. మోల్‌కు లిథియం 222 కిలోజౌళ్ళు, పొటాషియం 196, సోడియం 184. మీ అనుమానం న్యాయమైనదే, ఎక్కువ వేడి ఇచ్చేది లిథియమే. అయితే మొత్తం ఎంత వస్తుందన్నది ఒక ప్రశ్న, ఎంత తొందరగా వస్తుందన్నది వేరే ప్రశ్న. పొటెన్షియల్ పట్టిక మొదటిదానికే జవాబు చెబుతుంది, వేగం గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

వేగం దగ్గర ద్రవీభవన స్థానం అడ్డొస్తుంది. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, పొటాషియం 63కే. చర్యలో పుట్టిన వేడికే కరిగి గుండ్రటి బొట్టయిపోతాయి, ఎప్పటికప్పుడు కొత్త లోహం నీటికి తగులుతుంది. లిథియానికి 180 డిగ్రీలు కావాలి. నీళ్ళు 100కే మరిగిపోతాయి కదా, అందుకే అది గట్టి ముక్కగానే ఉండి పైపైన మాత్రమే చర్య జరుపుతూ పోతుంది. పైగా దాని ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి మొదట్లో పెట్టాల్సిన శక్తీ ఎక్కువే. వేడికి కరగడమంటే మీ పిల్లలకు ఇలా చెప్పండి: ఇదే గ్రూపులో ఇంకా కింద ఉండే సీజియం 28.5 డిగ్రీలకు, రుబీడియం 39.3కు కరుగుతాయి. సీసాలో సీలు చేసి ఉన్నా, మే నెల మధ్యాహ్నం మన గుంటూరులో రెండూ ద్రవాలే.

ఒక్క మాట, దయచేసి సోడియం ఇంటికి తేవద్దు. నేను పనిచేసిన ఒక కాలేజీలో సోడియం కోసిన చాకును ఒక కుర్రాడు కుళాయి కింద పెట్టాడు. చాకుకు అంటుకున్నది మినపగింజంత కూడా లేదు. టప్పుమని పేలి అతని కనుబొమ్మ కాలింది, కన్ను దక్కింది. ఆ రోజు కళ్ళద్దాలు పెట్టించలేదు, ఆ తప్పు నాది. ఆ తర్వాత అవి లేకుండా ఒక్కరినీ ల్యాబులోకి రానివ్వలేదు.

తాడేపల్లి నుంచి ఒకరు:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. పేలుడుకు హైడ్రోజన్ అంటుకోవడమే కారణమని మేమూ చదివాం. కానీ పుట్టిన హైడ్రోజన్, ఆవిరి లోహానికీ నీటికీ మధ్య పొరలా నిలిచి చర్యను ఆపాలి కదా! 2015లో ప్రచురించిన ప్రయోగంలో ప్రాగ్‌కు చెందిన శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం-పొటాషియం ద్రవ మిశ్రమం చుక్కలను నీళ్ళలో వదిలి హైస్పీడ్ కెమెరాతో చూసింది. మిల్లీసెకను గడవకముందే చుక్కలోంచి ముళ్ళలాంటివి పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీళ్ళలోకి పోతాయి, లోహంలో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, చుక్క చీలిపోతుంది. అలా చీలాలంటే లోహం ద్రవంగా ఉండాలి. మీరు చెప్పిన ద్రవీభవన స్థానం సంగతి ఇక్కడ కూడా పనికొస్తుంది.

బ్రాడీపేట కెమిస్ట్రీ మాస్టారు:
నేను రిటైరయ్యాక వచ్చిన సంగతి ఇది. చెప్పినందుకు సంతోషం నాయనా. ఇకమీదట ఎవరడిగినా ఇది కూడా చెబుతాను.

పటమట ట్యూషన్ టీచర్:
ఇవాళ పిల్లలతో ఖర్చు, రాబడి లెక్క బోర్డు మీద వేయించాను. ఆ పాపే 175 ముందు చెప్పింది. సోడియం తేలేదు మాస్టారూ. పప్పుచారు పొంగి బర్నర్ మీద పడితే మంట పసుపుపచ్చగా మారడం మీరంతా చూసే ఉంటారు, అది ఉప్పులోని సోడియమే అని చెప్పి, స్టవ్ మీద చిటికెడు ఉప్పు నేనే చల్లి చూపించాను. పొటాషియం లేత ఊదా మంట కూడా చూడాలన్నారు. షాపులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుందని అదీ చల్లాను. పసుపే వచ్చింది, ఊదా కనిపించలేదు. ఏం చేయాలి?

బ్రాడీపేట కెమిస్ట్రీ మాస్టారు:
అందులో సోడియం కూడా ఉంటుందమ్మా, దాని పసుపు ఊదాను మింగేస్తుంది. నీలి కోబాల్ట్ గాజు ముక్కలోంచి చూడండి, పసుపును అది ఆపేస్తుంది. నా దగ్గర పాతది ఒకటుంది. ఆదివారం విజయవాడ వస్తున్నాను, తెచ్చిస్తాను.