బలంలో పొంతనే లేనివాళ్ళ మధ్య పోరు పెట్టొచ్చా?

పాతపేజీలు:
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ కట్టలో 1996 నాటి సంచిక దొరికింది, అమెరికన్ కామిక్స్ కంపెనీలు మార్వెల్, డీసీ కలిసి వేసిన పోటీ సిరీస్‌లోది. ఏళ్ళ తరబడి వెతుకుతున్నా. తెలియనివాళ్ళకి చెబుతున్నా: రెండు కంపెనీల హీరోలూ తలపడతారు, అందులో ఐదు పోటీల్లో ఎవరు గెలవాలో పాఠకులే ఓట్లేసి తేల్చారు. వాటిలో మార్వెల్ వాళ్ళ వోల్వరిన్, డీసీ వాళ్ళ లోబో పోటీ ఒకటి. వోల్వరిన్ గోళ్ళతో పోరాడేవాడు, బలంలో లోబోకి సాటిరాడు. లోబో అంటే సూపర్‌మ్యాన్‌తోనే ఢీ అంటే ఢీ అనే రకం. వాణ్ణి వోల్వరిన్ బార్‌లో పడగొట్టాడట! ఎలాగో చూపించరు. ఇద్దరూ కౌంటర్ వెనక్కి పోతారు, కొట్లాట మనకి కనబడదు, చివరికి వోల్వరిన్ పైకి లేస్తాడు. మధ్యలో పేజీ ఊడిపోయిందేమోనని కుట్టు దగ్గర వేలు పెట్టి చూశా. ఊడలేదు. ఇంత తేడా ఉన్నవాళ్ళకి అసలు పోటీయే పెట్టకూడదంటాను. మీరేమంటారు?

గోతం_గాలి:
అలాగైతే కామిక్స్‌లో సగం కొట్టేయాలన్నా. ఓటేసింది కొని చదివేవాళ్ళేగా. ఎవరు గెలుస్తారని అడిగితే మార్వెల్ రచయిత స్టాన్ లీ కూడా, రాసేవాడు ఎవర్ని గెలిపించాలనుకుంటే వాడేననేవాడు. రచయిత ఇష్టం చెల్లినప్పుడు పాఠకుడి ఇష్టం ఎందుకు చెల్లదు?

ఇంకుమరక:
ఇద్దరితోనూ ఒప్పుకోను. తేడా ఎంతున్నా ఫర్వాలేదు, అది ఎలా పూడిందో పేజీలో కనబడాలి.

1978లో డీసీ సూపర్‌మ్యాన్‌ని ఏకంగా మహమ్మద్ అలీ మీదికి దింపింది. నీల్ ఆడమ్స్ బొమ్మలు. వినగానే కొట్టిపారేసే జోడీ. గ్రహాంతరవాసులు దండెత్తి వచ్చి, మా యోధుడితో తలపడే మీ మొనగాడెవరంటారు. అది తేల్చడానికి ముందు వీళ్ళిద్దరికీ బాక్సింగ్ పెడతారు, అదీ ఎర్ర సూర్యుడి కింద. సూపర్‌మ్యాన్ బలమంతా మన పసుపు సూర్యుడిది కాబట్టి అక్కడ అతను మామూలు మనిషి. ఇక మిగిలింది విద్య. అందులో అలీని మించినవాడెవరు? సూపర్‌మ్యాన్ మొహం వాచిపోతుంది, నిలబడే ఓపిక పోతుంది, అయినా కింద పడడు. చివరికి పోటీ ఆపమని అడిగేది కొడుతున్న అలీయే! ఆ పేజీల దగ్గర నేను సూపర్‌మ్యాన్‌ని ఇంకా ఎక్కువ ఇష్టపడ్డాను, ఓడిపోతున్నప్పుడు.

1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన బ్యాట్‌మ్యాన్ కూడా అంతే. యాభై దాటిన మనిషి సూపర్‌మ్యాన్‌ని ఊరికే కొట్టలేదు. అణుబాంబు దెబ్బకి అవతలివాడు ముందే నీరసించి ఉన్నాడు. ఇతని కవచానికి నగరం కరెంటు తగిలించి ఉంది. పైగా ఒంటిచేతి విలుకాడు గ్రీన్ యారో, సూపర్‌మ్యాన్ బలం లాగేసే క్రిప్టోనైట్‌తో చేసిన బాణం వేశాడు.

పాతపేజీలు:
అలీ సంగతి ఒప్పుకుంటున్నా. అసలు పోటీయే పెట్టకూడదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇది చెప్పండి. అదే 1996 సిరీస్‌లో వండర్ ఉమన్‌కి థోర్ సుత్తి దొరుకుతుంది. అర్హత ఉన్నవాళ్ళకే లేచే ఆ సుత్తిని ఎత్తగలుగుతుంది కూడా. గాలివానల్ని, మెరుపుల్ని ఆడించే మార్వెల్ హీరోయిన్ స్టార్మ్‌తో పోరు దగ్గరికొచ్చేసరికి, ఇది చేతిలో ఉంటే న్యాయం కాదని పక్కన పెట్టేస్తుంది, మెరుపు దెబ్బకి ఓడిపోతుంది. ఓట్లు స్టార్మ్‌కి పడ్డాయి, దానికి తగ్గట్టు కథ అల్లారు. ఇది మీ లెక్కకి వస్తుందా?

ఇంకుమరక:
వస్తుంది. సుత్తి దించడం ఆమె స్వభావం. ఓట్లు ఫలితాన్ని ఇచ్చాయి, దారి మాత్రం ఆమెలోంచే వచ్చింది. కౌంటర్ వెనక దారే లేదు.

గోతం_గాలి:
మరి 1985లో స్పైడర్‌మ్యాన్ ఫైర్‌లార్డ్‌ని కొట్టడం? గ్రహాల్నే మింగే గెలాక్టస్‌కి దూతగా పనిచేసినవాడు! అది తప్పని అందరూ అంటారు, నేననను. అంతసేపూ భయంతో ఊరంతా పరిగెత్తుతాడు. ఇక పారిపోయే దారిలేక వెనక్కి తిరిగి గుద్దడం మొదలుపెడతాడు, హీరోల జట్టు అవెంజర్స్ వచ్చేసరికి అవతలివాడికి స్పృహ ఉండదు. ఆ కసి మొదటి పేజీ నుంచీ పేరుకుంటూ వచ్చింది.

గోదారిగట్టు:
ఈ చిక్కు మనకి కొత్తేం కాదండీ. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధమంటే ఎవరైనా నమ్ముతారా? గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది, చంపుతానని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. సంగతేమిటో తెలియక అర్జునుడు గయుడికి అభయమిచ్చేశాడు. మాట తప్పే వీలు ఇద్దరికీ లేదు. ఈ కథతో చిలకమర్తి వారు రాసిన గయోపాఖ్యానం నాటకం చూస్తూ ఎవరు బలవంతులని ఎవరూ అడగరు, వీళ్ళ మధ్య ఇదేమి కర్మరా అని బాధపడతారు. లోబోకీ వోల్వరిన్‌కీ మధ్య అలాంటిదేమైనా ఉందా?

పాతపేజీలు:
లేదండి. మళ్ళీ తీసి చూశాను. కొట్టుకోడానికే బార్‌కి వచ్చారు.