ఎల్క్ లోయ బొగ్గు గనులు: రెండు దేశాల ఒప్పందంలో ఆదివాసీ జాతికి చోటెలా దక్కింది?

ప్రశ్న:
కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉన్న ఎల్క్ లోయ ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి సెలీనియం అనే మూలకం (మోతాదు మించితే జలచరాలకు విషం) అమెరికాలోని మోంటానా దాకా చేరుతోందని చదివాను. 1909 నాటి సరిహద్దు జలాల ఒప్పందం రెండు ప్రభుత్వాల మధ్య కుదిరినది. అందులో సంతకమే లేని క్టునాహా జాతి ఇందులో భాగస్వామి ఎలా అయింది? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ముందు నీటి దారి చూడాలి. ఎల్క్ నది కూకనూసా జలాశయంలో కలుస్తుంది. లిబ్బీ ఆనకట్ట వెనుక ఏర్పడిన ఆ జలాశయం సరిహద్దుకు ఇరువైపులా విస్తరించి ఉంది. అక్కడి నుంచి కూటనై నది మోంటానా, ఐడహోల మీదుగా తిరిగి కెనడాలోకే వెళుతుంది. ఇదంతా క్టునాహాల పూర్వీకుల నేల. వారి ఆరు ప్రభుత్వాల్లో నాలుగు కెనడాలో, రెండు అమెరికాలో ఉన్నాయి.

సింగరేణి ప్రాంతం వారికి ఓబీ డంపులు (బొగ్గు మీది మట్టి, రాతిని పోసిన గుట్టలు) కొత్త కాదు. ఎల్క్ లోయలోనూ బొగ్గు పొర మీది రాతిని తీసి గుట్టలుగా పోశారు. వాననీరు, కరిగిన మంచు ఆ గుట్టల గుండా దిగుతూ సెలీనియాన్ని వెంట తీసుకుపోతాయి. అది నాచు నుంచి పురుగులకు, వాటి నుంచి చేపలకు, తల్లిచేప నుంచి గుడ్లకు చేరి, పిల్లలు వంకర వెన్నుతో పుట్టడానికి కారణమవుతుంది. తవ్వకం ఆపినంత మాత్రాన ఇది ఆగదు. 2021లో, అప్పట్లో ఈ గనులను నడిపిన టెక్ సంస్థ అనుబంధ కంపెనీకి కెనడా మత్స్య చట్టం కింద 6 కోట్ల కెనడా డాలర్లు చెల్లించాలని శిక్ష పడింది.

రెండో సమాధానం:
ఒక దేశపు కాలుష్యం రెండో దేశంలో ఆరోగ్యానికి, ఆస్తికి హాని చేయరాదని ఒప్పందంలోని నాలుగో అధికరణ చెబుతుంది. అయితే ఇలాంటి విషయాల్లో, ఆ ఒప్పందం కింద రెండు దేశాలకూ కలిపి ఏర్పడిన అంతర్జాతీయ సంయుక్త కమిషన్ ప్రభుత్వాలు నివేదిస్తేనే విచారణ చేపడుతుంది; అందుకే క్టునాహా ప్రభుత్వాలు పదేళ్లకు పైగా పట్టుబట్టి అడగవలసి వచ్చింది. చివరకు 2024 మార్చిలో రెండు దేశాలు, క్టునాహా జాతి కలిసి ప్రతిపాదన సిద్ధం చేశాక విషయం కమిషన్ ముందుకు వెళ్లింది. కమిషన్ సిఫార్సులను పాటించి తీరాలన్న నిబంధన లేకపోయినా, అర్జీదారులుగా బయట నిలబడిన క్టునాహాలు దీనికోసం ఏర్పడిన పర్యవేక్షణ బృందంలో కూర్చోవడం చిన్న విషయమేమీ కాదని నా అభిప్రాయం. సిఫార్సు వృథా అనీ అనలేము: పక్కనే ఉన్న ఫ్లాట్‌హెడ్ లోయలో ప్రతిపాదించిన బొగ్గు గనికి అనుమతి ఇవ్వవద్దని 1988లో ఇదే కమిషన్ చెప్పింది, ఆ గని రాలేదు.

మూడో సమాధానం:
దీనితోపాటు కెనడా సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన డెసోటెల్ తీర్పునూ చూడండి. పూర్వీకుల నేల కెనడాలో ఉన్న సినిక్స్ట్ జాతివారు ఇప్పుడు అమెరికాలో నివసిస్తున్నా, ఆదివాసీ హక్కులను గుర్తించే కెనడా రాజ్యాంగం 35వ సెక్షన్ కింద వారికి హక్కులు ఉండవచ్చని కోర్టు అంగీకరించింది. బ్రిటిష్ కొలంబియా నుంచి అలాస్కాలోకి పారే స్టికీన్, ఉనుక్ నదుల ఎగువన గనులు వస్తున్నప్పుడు తమనూ సంప్రదించాలని ఆగ్నేయ అలాస్కా తెగలు ఆ వాదంతోనే అడుగుతున్నాయి.